పోయినవాడికి కాయితమెందుకు?

పోయిన వేసవిలో ఒక ఉపాధ్యాయ సంఘం జరిపిన శిక్షణ తరగతిలో వివాహ చట్టాలను గురించి అరగంట మాట్లాడి నేను కూర్చోగానే, ఒక యువ అధ్యాపక మిత్రుడు లేచి నన్ను మర్యాదగానే మందలించాడు. ఆయన అన్నదాని సారాంశం ఇది: "విడాకుల సమస్య పట్టణాల్లోని మధ్యతరగతి వారిది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో శ్రామిక స్త్రీకి కావలసింది కూలి, నీళ్ళు, భూమి. విడిపోవడమన్నది మన శ్రామిక కులాల్లో ఏనాడూ కష్టం కాలేదు. పెద్దమనుషులు కూర్చుంటారు, ఇడుపు కాయితం రాస్తారు, ఎవరి దారి వారిది. లేని సమస్యను ఉద్యమం నెత్తిన ఎందుకు రుద్దుతారు?" సభలో చప్పట్లు మోగాయి. ఇరవై ఏళ్ళ కిందట అయితే నేనూ కొట్టేవాణ్ణి.

ఆ మాటలో కొంత నిజమున్నది. అందుకే దానికి జవాబు చెప్పవలసి వస్తున్నది.

ముందుగా ఒక లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో విడాకులు పొందామని చెప్పినవారు సుమారు 13.6 లక్షల మంది. విడాకులు లేకుండానే విడిపోయి బతుకుతున్నామని చెప్పినవారు దానికి రమారమి మూడు రెట్లు. రెండు గడుల్లోనూ మగవారికన్నా ఆడవారే ఎక్కువ. ఒక్కొక్క విడిపాటులో ఒక మగవాడూ ఒక ఆడదీ ఉండాలి గదా, మరి మగవారి సంఖ్య ఎందుకు తగ్గింది? వారు మళ్ళీ సంసారం పెట్టుకొని "వివాహితులు" అనే గడిలోకి నడిచి వెళ్ళిపోయారు. మిగిలినది ఆమె. కనుక విడాకులు తీసుకోవడం ఈ దేశానికి పట్టిన రోగమని ఏడ్చే సంప్రదాయవాది, అది పట్టణపు గొడవ అని తోసిపుచ్చే అభ్యుదయవాది, ఇద్దరూ చూడనిది ఒకటే: విడాకులు లేకుండా వదిలివేయబడిన స్త్రీలు.

ఇక మన జిల్లాల సంగతి. ఆనకట్టల కంట్రాక్టర్ల పద్దుల్లో "పాలమూరు లేబర్" అన్నది ఒక సరుకు పేరు వంటిది. 1955 డిసెంబరు 10న నందికొండ వద్ద నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది మొదలు, ఈ దేశంలో మట్టి తవ్విన చోటనల్లా పాలమూరు చేతులున్నాయి. నారాయణపేట, మక్తల్, కోస్గి, కొడంగల్ వైపు నుంచి ముంబాయికీ పూనాకూ, దేవరకొండ తండాల నుంచి హైదరాబాదుకూ మనుషులు పోతూనే ఉన్నారు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు. కొన్ని ఇళ్ళలో ఆలుమగలిద్దరూ పోతారు. కొన్ని ఇళ్ళలో ముసలివాళ్ళ కోసం, పిల్లల కోసం, గుంట భూమి కోసం ఆమె ఆగిపోతుంది. పోయినవారిలో ఎక్కువమంది పండుగకు తిరిగి వస్తారు, సంపాదించినది ఇంట్లో పెడతారు. శ్రామికుడంటేనే భార్యను వదిలేసేవాడన్న నింద నేను మోపడం లేదు. ఆ నింద వేసేవారు ముందు తమ ఆఫీసుల్లో చూసుకోవాలి, ఆ మాటకు తర్వాత వస్తాను. కాని వలస ఒక పని చేసింది. వదలడాన్ని చౌక చేసింది. పూర్వం భార్యను వదలదలచినవాడు ఊళ్ళోనే ఉండి పదిమందికీ ముఖం చూపించవలసి వచ్చేది. ఇప్పుడు ఒక బస్సు టిక్కెట్టు చాలు.

అతడు పోయిన తర్వాత ఆమె ఎవరు? మామ పొలంలో కలుపు తీసే కూలీ, కూలి లేని కూలీ. అత్తకు వండిపెట్టే మనిషి. మేస్త్రి వచ్చి "అడ్వాన్సు తిన్నవాడు మధ్యలో పారిపోయాడు" అంటే ఆ అప్పుకు నిలబడే జామీను. పట్టా మామ పేరిటో భర్త పేరిటో ఉంటుంది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి ఇంతని సర్కారు పంచిన డబ్బు పట్టా ఉన్నవాడి ఖాతాలో పడింది గాని, దున్నించి కోయించిన ఆమె చేతిలో పడలేదు. అతడు ముంబాయిలో మరొక ఇల్లు పెట్టుకొన్నాడని ఊరందరికీ తెలుసు. అయినా ఈ ముడి తెగకూడదు. తెగితే ఈ చాకిరీ ఎవరు చేస్తారు? మన మిత్రుడు కూలి, భూమి అన్నాడు గదా! వదిలివేయబడిన స్త్రీ విడాకుల ప్రశ్నలో ఉన్నది కూడా కూలి, భూమి కాక మరేమిటి?

సరే, ఇడుపు కాయితం మాట.

శ్రామిక కులాల్లో విడిపోయే స్వేచ్ఛ ఉండేదన్నది నిజమే. సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలను, తెగలను గురించి 1920లో అచ్చువేసిన గ్రంథంలో ఒక్కొక్క కులం ఆచారాలు రాస్తూ, అనేక కులాల్లో విడాకులు చెల్లుతాయనీ, విడిచినామె చిన్న తంతుతో మారుమనువు చేసుకోవచ్చుననీ నమోదు చేశాడు. అగ్రవర్ణ స్త్రీకి ఆనాడు లేని వెసులుబాటు ఇది. దీనిని చూసి మనవారు మురిసిపోతారు. నేనూ మురిసినవాణ్ణే. కాని ఆ పంచాయితీ అరుగు మీద ఎవరు కూర్చున్నారు? ఓలి ఎవరు తిరిగి కట్టాలని తీర్పు చెప్పారు? తప్పు ఖర్చు ఎవరి నెత్తిన పడింది, ఆ డబ్బుతో కల్లు ఎవరు తాగారు? విడిచినామె మారుమనువుకు పోతే పిల్లలు ఎవరి పాలయ్యారు? ఆచారంలో స్వేచ్ఛ ఉన్నది, నిజమే. దానితో పాటు దానికో ధర కూడా ఉన్నది, ఆ ధర నిర్ణయించినది ఆమె కాదు.

పోనీ, ఆ స్వేచ్ఛ అయినా ఇప్పుడున్నదా? 1955 నాటి హిందూ వివాహ చట్టం 29వ సెక్షనులో ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడింది. చదివితే సంతోషమే. కాని ఆ ఆచారం ఉన్నదని కోర్టులో నిరూపించవలసిన బరువు, ఆ కాయితాన్ని చూపించే మనిషి మీదనే పడింది. ఆచారం ఫలానా అని స్పష్టంగా చెప్పి, సాక్ష్యాలతో రుజువు చేయాలని 2002లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. మా ఊరి పెద్దమనుషులు కల్లు కాంపౌండు పక్కన నోటు పుస్తకంలో రాసి వేలిముద్రలు వేయించిన కాయితం పదేళ్ళ తర్వాత ఏ మేరకు నిలుస్తుంది? ఆమెకు మళ్ళీ పెళ్ళి అయి, రెండో భర్త చనిపోయి, భూమి తగాదా వచ్చిన నాడు అవతలివాడి వకీలు అడిగే మొదటి ప్రశ్న, "మొదటి పెళ్ళి రద్దయిందా?" అనే. అంతవరకు భార్య అనుకొన్నామె ఆ ఒక్క ప్రశ్నతో ఏమీ కానిదయిపోతుంది. పాత ఆచారం సగం చచ్చింది, కొత్త చట్టం ఆమె గడప దాకా రాలేదు. ఈ రెంటి నడుమ సందులో ఆమె నిలబడి ఉన్నది. మన మిత్రుడు చూసి చప్పట్లు కొట్టించుకొన్నది ఈ సందునే.

చట్టం ఎంత నెమ్మదిగా నడిచిందో కూడా చూడండి. హిందూ కోడ్ బిల్లును సాగనివ్వలేదన్న బాధ కూడా కారణంగా 1951లో అంబేద్కర్ మంత్రి పదవి వదులుకొన్నారు. నాలుగేళ్ళకు ముక్కలు ముక్కలుగా వచ్చిన చట్టంలో, భార్యను వదిలిపోవడం విడాకులకు కారణంగా లేనే లేదు! రెండేళ్ళు వదిలేస్తే న్యాయపరమైన వేర్పాటు అడగవచ్చు. ఆ డిక్రీ వచ్చి మరికొంత కాలం గడిస్తే గాని విడాకుల ముఖం చూడరాదు. 1976 సవరణ దాకా ఇంతే. అంతకు 37 ఏళ్ళ ముందే, 1939లో, ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది: భర్త నాలుగేళ్ళు జాడ లేకపోయినా, రెండేళ్ళు పోషించకపోయినా, భార్య కోర్టుకు పోయి వివాహం రద్దు చేయించుకోవచ్చు. ముస్లిం స్త్రీల దుస్థితి చూసి కన్నీరు కార్చేవారు ఈ తేదీలను ఒకసారి పక్కపక్కన పెట్టుకొని చూడాలి.

ఇప్పుడు చట్టంలో ఉన్నది. దరఖాస్తుకు ముందు ఎడతెగకుండా రెండేళ్ళు వదిలివేసి ఉండాలి. అదీ తగిన కారణం లేకుండా, అవతలివారి సమ్మతి లేకుండా. వేరుగా ఉండడం ఒక్కటే చాలదు, శాశ్వతంగా వదిలే ఉద్దేశం కూడా ఉండాలని 1956లోనే సుప్రీంకోర్టు ఒక బొంబాయి కేసులో వివరించింది. న్యాయశాస్త్రం ప్రకారం ఇవన్నీ సబబైన మాటలే. కాని వీటిని మక్తల్ బస్టాండులో నిలబెట్టి చూడండి. పీర్ల పండుగకు వాడు వచ్చాడు. రెండు రాత్రులు ఇంట్లో పడుకొన్నాడు, తల్లి చేతిలో రెండు వేలు పెట్టాడు, పోయాడు. "ఎడతెగకుండా" అన్నది తెగిందా లేదా? వాడి వకీలు తెగిందంటాడు. నోటీసు పంపిద్దామంటే అడ్రసు లేదు. ముంబాయిలో ఏ నాకా, ఏ గుడిసె? సమన్లు తిరిగి వస్తాయి. పేపరులో ప్రకటన వేయించమంటారు. ఆ ప్రకటన ఖర్చు ఆమె ఎన్ని రోజుల కూలో లెక్క వేసిన సంస్కర్త నాకు కనబడలేదు. రెండో పెళ్ళి చేసుకొన్నాడని క్రిమినల్ కేసు పెడదామంటే, రెండో పెళ్ళిలో జరగవలసిన తంతులన్నీ జరిగాయని రుజువు కావాలని 1965లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కోస్గిలో కలుపు తీసే మనిషి ముంబాయి మురికివాడలో జరిగిన పెళ్ళికి సాక్ష్యాలు ఎక్కడ నుంచి తేవాలి?

ఇక 9వ సెక్షను. దాంపత్య హక్కుల పునరుద్ధరణ అని దానికి పేరు. పేరు వింటే పూలదండలు గుర్తొస్తాయి. ఆచరణలో అది వదిలినవాడి చేతి కర్ర. భార్య మనోవర్తి కోసం కోర్టుకెక్కగానే, ఇన్నేళ్ళూ మరిచిపోయిన మగవాడికి హఠాత్తుగా దాంపత్యం గుర్తుకొస్తుంది. "నేను రమ్మంటున్నాను, ఆమే రావడం లేదు" అని దావా వేస్తాడు. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఈ సెక్షనును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. స్త్రీ శరీరం మీద రాజ్యానికి అట్టి పెత్తనం లేదని తెలుగు నేల మీది కోర్టు చెప్పిన ఆ తీర్పును చూసి మనం గర్వించాలి. మరుసటి ఏడే, 1984లో, మరొక కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షనును తిరిగి నిలబెట్టింది. అది ఇప్పటికీ ఉన్నది. ఇందులో ఇంకొక తమాషా: ఆ డిక్రీ వచ్చి ఏడాది దాకా కాపురం కుదరకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు. అనగా వదిలినవాడే పిలిచినట్లు నటించి, రాలేదని చూపించి, తానే విడాకులు పుచ్చుకొనే దారి కూడా ఉన్నది. ఆ డిక్రీ ఉన్నంత మాత్రాన, భార్య వెళ్ళనంత మాత్రాన ఆమె మనోవర్తి పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. నలభై ఏళ్ళ పాటు ఆ కర్ర దెబ్బలు తిన్నవారు ఆ తీర్పు చదువుకోవడానికి ఎంతమంది మిగిలారో!

ఇంతదాకా చెప్పినది పుస్తకాల్లోని మాట. ఇక నా మాట చెప్పాలి.

పాలమూరు జిల్లాలో నాతో పాటు ఒక బడిలో పనిచేసిన ఉపాధ్యాయుడొకడు ఉండేవాడు. మంచి వక్త. సమ్మెలో లాఠీ దెబ్బలు తిన్నవాడు. సంఘంలో నాకన్నా చురుకైన కార్యకర్త. ఉద్యోగానికి ముందే, ఊళ్ళో, మేనత్త కూతురితో పెళ్ళయింది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. అతడు హైదరాబాదులో శిక్షణకు పోయిన ఏడు ఫీజుకు ఆమె తండ్రి ఎడ్లనమ్మాడు. ఉద్యోగం వచ్చింది. 2001లో తొలి కాన్పుకు ఆమె తల్లిగారింటికి పోయింది, అది మన ఆచారం. పురుడయినాక తీసుకుపోవడానికి అతడు రాలేదు. మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది. ఈలోగా పట్టణంలో ఇంకొకామెతో సంసారం పెట్టాడు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు, తెలివైనవాడు. భార్య ఉండగా మరొక పెళ్ళి చేసుకొంటే 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు.

2004 వేసవిలో ఆమె తండ్రి సంఘం దగ్గరికి వచ్చాడు. పోలీసు దగ్గరికి కాదు, కోర్టుకు కాదు, మా దగ్గరికి. "మీరు న్యాయం మాట్లాడే మనుషులు" అన్నాడు. మేం నలుగురం పంచాయితీకి కూర్చున్నాం. మాకున్న చింత ఒక్కటే, ఎన్నికల ముందు సంఘం పరువు పోకూడదని. ఎదుటి సంఘంవారికి తెలిస్తే కరపత్రం వేస్తారు. నేనొక కాయితం రాశాను. నా చేతిరాత బాగుంటుందని పేరు. "ఉభయులూ సఖ్యత కుదురు వరకు వేరువేరుగా నివసించుటకు సమ్మతించినారు" అని రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాను. ఆమె సంతకం పెట్టేటప్పుడు, "సమ్మతి అంటే ఏంది సారూ?" అని అడిగింది. "తాత్కాలికంగా అమ్మా, అన్నీ సర్దుకుంటయి" అన్నాను. ఆమె అడిగినదానికి అది జవాబు కాదని నాకు ఆనాడే తెలుసు.

అన్నీ సర్దుకొన్నాయి, అతడికి. ఆమె ఎనిమిదేళ్ళు తండ్రి పొలంలో పనిచేసింది. కొడుకును బడిలో వేసింది. 2012లో విడాకులకు దరఖాస్తు చేస్తానని నా ఇంటికి వచ్చింది. అప్పుడు సంఘంలోని ఒక పెద్దమనిషి ఆమెకు మంచి మాటగానే ఒక సలహా చెప్పాడు: "తొందరపడకమ్మా. ఎట్లయినా సర్వీసు పుస్తకంలో భార్యగా నీ పేరే ఉన్నది. ఆయన చనిపోతే కుటుంబ పింఛను నీకే వస్తుంది. విడాకులు తీసుకొంటే అదీ పోతుంది." లెక్క ప్రకారం ఆ సలహాలో తప్పు లేదు. ఆమె అన్న మాట ఇది: "గంటే, ఆయన సచ్చేదాక నేను కనిపెట్టుకోని కూసోవాల్నా? ఆయన పోనే పోయిండు సారూ. పోయినోనికి కాయితమెందుకు? కాయితం గావాల్సింది ఈడ ఉన్నదానికి."

2003లో వచ్చిన సవరణ వల్ల ఆమె తానున్న చోటి కోర్టులోనే దరఖాస్తు వేయగలిగింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఏ స్త్రీకైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఈ సంగతి ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ దినం దాకా తెలియదు. అతడు 9వ సెక్షను కింద ఎదురు దావా వేశాడు. ఆమెను బోనులో నిలబెట్టి అతడి వకీలు అడిగాడు: "భర్త ఇల్లు విడిచి వెళ్ళింది మీరేనా?" కాన్పుకు వెళ్ళింది గనుక, అబద్ధం చెప్పడం రాదు గనుక, "అవును" అన్నది. తర్వాత ఆయన సంచిలోంచి నా కాయితం తీశాడు. నా ముత్యాల అక్షరాలు. "సమ్మతించినారు." సమ్మతితో వేరుగా ఉంటే అది వదిలివేయడం ఎట్లా అవుతుంది? ఆ ఒక్క మాట మీద వాళ్ళ కేసంతా నిలిపారు.

నేను బోనెక్కి నా కాయితానికి వ్యతిరేకంగా నేనే సాక్ష్యం చెప్పాను. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదనీ, రాసిన తర్వాతనే పిలిచి సంతకం చేయించామనీ, ఆ మాటకు అర్థం ఆమె అడిగితే చెప్పలేదనీ చెప్పాను. సంఘంలో కొందరు ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేశారు. 2015లో డిక్రీ వచ్చింది, మనోవర్తితో సహా. అది నా సాక్ష్యం వల్ల వచ్చిందని చెప్పుకొనే యోగ్యత నాకు లేదు. నా కాయితం లేకపోతే అంత కాలం పట్టేదే కాదు.

కనుక వదిలిపోవడం వలస కూలీల జబ్బని ఎవరైనా నాతో అంటే నాకు నవ్వు వస్తుంది. చదువుకోని భార్య చదువుకొన్న భర్తకు తగదని, ఊరి పెళ్ళి పట్టణపు ఉద్యోగానికి సరిపోదని వదిలేసినవారు మన సభల్లో, మన వేదికల మీద ఎంతమంది లేరు? అది వారి వ్యక్తిగత విషయమని మనం తల తిప్పుకొన్నాం. వెట్టి చేయించుకొన్న దొరను ఎదిరించిన జిల్లాల్లో ఉన్నాం మనం. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ పల్లెల్లో స్త్రీలు తుపాకి పట్టారు, దళాల్లో తిరిగారు. విరమణ తర్వాత వారిలో అనేకులను ఇళ్ళకు పొమ్మన్నారు. 1986లో స్త్రీ శక్తి సంఘటన వెలువరించిన "మనకు తెలియని మన చరిత్ర"లో ఆ తల్లులు తమ నోటితోనే చెప్పుకొన్నారు, ఇంటికి పొమ్మన్న మాట ఎట్లా తగిలిందో. ఆ గ్రంథాన్ని మనం మెచ్చుకొన్నాం, ఉదాహరించాం, పాఠం మాత్రం నేర్చుకోలేదు.

సాహిత్యంలో మనం చేసిందేమిటి? ఇది విమర్శ పత్రిక గనుక ఆ మాటా అనాలి. ఇల్లు విడిచి వెళ్ళిన స్త్రీని గురించి మన విమర్శకులం, 1927లో "మైదానం" రాజేశ్వరి వెళ్ళింది మొదలు, వాదించుకొంటూనే ఉన్నాం. విడిచివేయబడి ఇంట్లోనే మిగిలిపోయిన స్త్రీకి మన కథల్లో రెండే ముగింపులు. ఒకటి బావి, రెండోది ఎర్రజెండా ఊరేగింపు. కోర్టు వరండాలో సద్ది మూట విప్పుకొని వాయిదా కోసం కూర్చున్న స్త్రీ మీద ఎన్ని కథలు వచ్చాయి? దీపం పెట్టుకొని ఎదురు చూసే స్త్రీని మనం పతివ్రత అనడం మానేసి "ఓర్పుకు ప్రతీక" అంటున్నాం. పేరు మారింది, దీపంలో నూనె పోస్తున్నది ఆమే.

మన పాత కథలు ఇంతకన్న ధైర్యంగా ఉన్నాయి. అరణ్యపర్వంలో నలుడు నిద్రపోతున్న దమయంతిని అడవిలో వదిలిపోయాడు. ఆమె పుట్టింటికి చేరి, భర్త ఆచూకీ కోసం రెండో స్వయంవరమని అయోధ్యకు కబురు పంపింది. అది ఎత్తే కావచ్చు. కాని ఋతుపర్ణ మహారాజు ఆ కబురు విని "ఛీ, ఇదేమి అనాచారం" అనలేదు, రథం కట్టమన్నాడు. భర్త వదిలిపోయినామె మళ్ళీ వరించడం నమ్మదగని సంగతి అయితే ఆ ఎత్తు పారేదేనా? పరాశర స్మృతి మరొక భర్తను అనుమతించే ఆపదలు చెబుతూ, జాడ లేకుండా పోయిన భర్తనే మొట్టమొదట లెక్కించింది. విధవా వివాహాలకోసం పోరాడినవారు ఆ శ్లోకాన్ని ఆయుధం చేసుకొన్నారు గాని, దానిలోని ఆ మొదటి మాటను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. శాస్త్రాల మీద ఆధారపడమని నేను చెప్పడం లేదు. శాస్త్రాల పేరు చెప్పి ఆమెను కూర్చోబెట్టేవారికి ఇది చెప్పండి.

కొందరు స్త్రీవాద మిత్రుల అభ్యంతరం వేరు. విడాకులు సులభం చేస్తే లాభపడేది మగవాడే, ఆస్తిలో వాటా లేకుండా ఉత్త కాయితం చేతిలో పెట్టి పంపేస్తాడని. ఈ భయంలో బలమున్నది. వివాహం తిరిగి కోలుకోలేనంతగా చెడితే విడాకులివ్వాలన్న సవరణ బిల్లు 2010లో వచ్చి, 2013లో రాజ్యసభ దాటి, లోక్‌సభలో ఆగి మురిగిపోయింది. భార్యకు ఆస్తిలో భాగం గట్టిగా లేకుండా అట్టి చట్టం రాకూడదన్న మాట అప్పుడు సరైనదే. అదే కారణం మీద తన ప్రత్యేకాధికారంతో విడాకులివ్వవచ్చునని 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది గాని, ఢిల్లీ దాకా పోగలిగినవారికే ఆ ద్వారం. నేను అడిగేది అది కాదు. వదిలిన వారికి కష్టంగా, వదిలివేయబడిన వారికి సులువుగా ఉండాలి. ఏళ్ళ తరబడి పోషించని భర్త తాను వదలలేదని తానే రుజువు చేసుకోవాలి. వదిలారని ఆమె కాదు. అతడి ఇంటి పొలంలో ఆమె చేసిన చాకిరీకి ఆ పొలంలోనే విలువ కట్టాలి. పేపరు ప్రకటన ఖర్చు సర్కారు భరించాలి.

సర్కారుకు ఇది చేతకాని పని కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకు నెలకు 1000 రూపాయల పింఛను మొదలుపెట్టింది, 2019లో 2016 రూపాయలు చేసింది. మంచి పనే, విమర్శించే నోరు నాకు లేదు. అయితే గమనించండి. భర్త వదిలేశాడని గ్రామంలో విచారించి, అధికారి నమ్మి, పింఛను మంజూరు చేస్తాడు. అదే ఆమె, అదే భర్త, అదే ఊరు. విడాకుల కోసం కోర్టుకు పోతే ఆ నమ్మకం పనికిరాదు, మొదటి నుంచి రుజువు చేసుకోవాలి. ఆమె దరిద్రాన్ని నమ్మడానికి రాజ్యానికి ఒక సంతకం చాలు, ఆమె స్వేచ్ఛను నమ్మడానికి ఏళ్ళు కావాలి. పైగా మళ్ళీ పెళ్ళి చేసుకొంటే ఆ పింఛను ఆగిపోతుంది. రాజ్యం కూడా ఆమెను ఆ దీపం దగ్గరే కూర్చోమంటున్నది.

2022 జూన్‌లో రాష్ట్రంలో 33 న్యాయ జిల్లాలు ఏర్పడ్డాయి. నారాయణపేట మనిషి మహబూబ్‌నగర్ దాకా, సూర్యాపేట మనిషి నల్లగొండ దాకా పోవలసిన అవసరం కొంత తగ్గింది. ఆ తగ్గిన దూరాన్ని ఉపయోగించుకొనేవారు కావాలి. ప్రతి పెద్ద ఊళ్ళో బడి ఉన్నది, బడిలో మన సంఘ సభ్యుడున్నాడు. న్యాయసేవల సంస్థకు ఒక దరఖాస్తు రాయడానికి ఎంత చదువు కావాలి? నేను రాసిన కాయితానికన్నా తక్కువే.

ఆ యువ మిత్రుడికి నేనా దినం ఇదంతా చెప్పలేదు, సమయం అయిపోయిందని అధ్యక్షుడు గంట కొట్టాడు. రిటైరయినా సంఘంలో నా సభ్యత్వం ఉన్నది. రాబోయే జిల్లా మహాసభకు నేనొక తీర్మానం పంపాను. భార్యను వదిలి పోషించని సభ్యుడు సంఘంలో ఏ పదవికీ నిలబడరాదనీ, అట్టి తగాదాల్లో సంఘం తరఫున ఎవరూ పంచాయితీ కాయితాలు రాయరాదనీ, బాధితురాలిని వెంటబెట్టుకొని న్యాయసేవల కార్యాలయానికి పోయే బాధ్యత మాత్రం శాఖలదేననీ. తీర్మానం చర్చకు రావాలంటే బలపరిచే సంతకాలు పది కావాలి. ఇది రాస్తున్న వేళకు నా సంతకంతో కలిపి నాలుగయ్యాయి. ఒకటి ఆ యువ మిత్రుడిదే.